కొండమంటకు విడిది ఏర్పాట్లు

మాఘం దాటి ఫాల్గుణం వచ్చేసరికి మన్యంలో పెదబయలు చుట్టూ కొండలు రంగు మారతాయి. వలిసె పూల పసుపు ఎప్పుడో పోయింది. చలికి మాడిన గడ్డి ఎండకు గలగలమంటోంది. మద్ది, తునికి చెట్లు ఆకు దులిపేశాయి. ఇప్పపువ్వు రాలడానికి ఇంకెన్నో రోజులు లేవు. అంటే మంటగారు బయల్దేరే వేళయింది. ఫిబ్రవరి మొదలు మే నెలాఖరుదాకా ఆయన ఏ కొండ దిగి ఏ ఊరికి వేంచేస్తారో చెప్పలేం. అంతదూరం నుంచి వచ్చినవారు గుమ్మం తొక్కకుండా ఊరి పక్కగా వెళ్ళిపోతే గృహస్థుకు ఎంత తలవంపులు!

కాబట్టి కొండవారన ఇల్లున్న ప్రతివారూ ఆయన్ను ఎలా పిలవాలో, ఎక్కడ కూర్చోబెట్టాలో, ఏం వడ్డించాలో ముందే తెలుసుకుని ఉండటం మంచిది. అడవి మంటల నుంచి ఇళ్ళను కాపాడుకోవడం మీద దేశదేశాల శాస్త్రవేత్తలు బోలెడు రాశారు. అవన్నీ తలకిందులుగా చదివి ఈ సూచనలు తయారుచేశాను. ఒక్కటి పాటించినా ఇంటికి ఫలితం కనిపిస్తుంది. అన్నీ పాటిస్తే ఊరంతటికీ కనిపిస్తుంది.

చూపు కొండ మీదే ఉండాలి

మొదటిది అన్నిటికన్నా తేలిక. ఎప్పుడూ కొండవైపే చూస్తుండండి. రాత్రి భోంచేసి వాకిట్లో నిలబడినప్పుడు ఎదురు కొండ మీద ఎర్రటి గీత కనబడితే, "అదిగో, మళ్ళీ ఎవడో అంటించేశాడు" అనండి. ఎవడై ఉంటాడో ఊహించండి. ఏ ఊరివాడో తేల్చండి. తిట్టండి. ఆ కాసేపూ మీ వీపు వెనక ఏముందో మాత్రం తిరిగి చూడకండి. అక్కడ మీ ఇల్లుంది, దాని చూరుంది, చూరు కింద మీరు పేర్చిన సరంజామా అంతా ఉంది.

ఈ మర్యాదను చెడగొట్టడానికి అమెరికా అటవీ శాఖలో జాక్ కోహెన్ అనే శాస్త్రవేత్త చాలా ఏళ్ళు పాటుపడ్డాడు. 1990ల చివర్లో ఉత్తర కెనడాలో అడవిని కావాలనే తగలబెట్టి, దానికి పది, ఇరవై, ముప్పై మీటర్ల దూరాల్లో చెక్కగోడలు నిలబెట్టి చూశారు. చెట్ల కొసలదాకా లేచిన మంటకు పది మీటర్ల దూరంలో ఉన్న గోడ కొన్నిసార్లు అంటుకుంది. ముప్పై మీటర్ల దూరంలో ఉన్న గోడ కమిలినట్టు కూడా కనబడలేదు. అంటే అడవి అడవంతా కాలినా, ఇంటి చుట్టూ ఆ కాస్త జాగా శుభ్రంగా ఉంటే వేడికి ఇల్లు అంటుకోదన్నమాట. మరి ఇళ్ళు ఎందుకు కాలుతున్నాయి? గాలికి ఎగిరొచ్చే నిప్పురవ్వల వల్ల. రవ్వ ఒక్కోసారి కిలోమీటరు పైగా ఎగిరివచ్చి, కప్పు మీది ఎండుటాకులోనో, గోడవార కట్టెల సందులోనో వాలి, మెల్లగా రాజుకుంటుంది.

2018 నవంబరు 8న కాలిఫోర్నియాలో ప్యారడైజ్ అనే ఊరు కాలిపోయింది. 85 మంది చనిపోయారు. పద్దెనిమిది వేలకు పైగా కట్టడాలు నేలమట్టమయ్యాయి. ఆ తరువాత తీసిన ఫొటోలు చూస్తే వింతగా ఉంటుంది. ఇల్లు బూడిదకుప్ప, దాని పక్కనే చెట్లు పచ్చగా నిలబడి ఉన్నాయి. చెట్టు కాల్చలేదు ఇంటిని. ఇల్లే పక్క ఇంటిని కాల్చింది.

వాళ్ళవి చెక్క ఇళ్ళు. మన దగ్గర ఇంకా గడ్డికప్పులున్నాయి. గడ్డికప్పుకు పది మీటర్ల లెక్కతో పనిలేదు, ఒక్క రవ్వ చాలు. ఈ ఒక్క విషయంలో పెదబయలు మండలం కాలిఫోర్నియాకన్నా ఎంతో ముందుంది. ఆ ఆధిక్యం నిలబెట్టుకోవాలంటే చూపు కొండ మీదే ఉండాలి.

అరుగు మీద ఆసనం

అతిథిని నిలబెట్టి మాట్లాడకూడదు. గుమ్మానికి ఐదడుగుల లోపు ఆయనకు మెత్తటి ఆసనం వేయాలి. బయటి దేశాల నిపుణులు ఈ ఐదడుగుల మేర ఆకూ, కట్టే, గడ్డీ ఏమీ ఉండకూడదంటారు. మట్టి, రాయి, అలికిన నేల మాత్రమే ఉండాలట. అలాంటి ఇంటికి ఎవరొస్తారు చెప్పండి?

మన్యంలో ఆసనానికి కొదవ లేదు. జనవరి నుంచి మార్చిదాకా కొండచీపుర్లు కోసే కాలం. కోసినవి ఎండబెట్టి, కట్టలు కట్టి, ధర వచ్చేదాకా అరుగు మీదే నిలబెడతాం. ఎండిన కొండచీపురంత తొందరగా అంటుకునే సరుకు ఇంకొకటి ఉంటే నాకు తెలియదు. దాని పక్కన అడ్డాకుల కట్టలు. సంతకో, గిరిజన సహకార సంస్థ డిపోకో తీసుకెళ్ళేదాకా అవీ అక్కడే. పైన దండెం మీద జొన్నపొత్తుల గుత్తులు. చూరు కింద గోడ పొడవునా, వానాకాలానికి కావాలని ఇప్పటినుంచే చేర్చిన కట్టెలు, పైది చూరును తాకేదాకా. ఇవన్నీ ఒక్కొక్కటి చూస్తే మంచి సంసారి చేసే పనులే. ఆ మాటకొస్తే కట్టెలు చూరు కింద పెట్టమన్నది వాన. వాన కురిసేది జూన్‌లో. మంటగారు వచ్చేది మార్చిలో. ఈ రెండు తేదీల మధ్య కట్టెలను ముప్పై అడుగుల అవతల ఒక గట్టు మీద పేర్చి, తొలకరికి ముందు చూరు కిందకు మార్చుకోవచ్చునని ఎవరైనా సలహా ఇస్తే, రెండుసార్లు మోత ఎవడు మోస్తాడని అడగండి. న్యాయమైన ప్రశ్నే. ఆడవాళ్ళే మోస్తారు గనక మగవాళ్ళు మరింత గట్టిగా అడుగుతారు.

సిమెంటు రేకులో, ఇనప రేకులో వేసుకున్నవాళ్ళు నిరుత్సాహపడక్కర్లేదు. రేకు కాలదు, నిజమే. కానీ రేకుకూ గోడకూ మధ్య జానెడు సందు వదులుతాం. అందులో పిచ్చుకలు గూళ్ళు పెడతాయి, సిల్వర్‌ఓక్ ఆకు చేరుతుంది. ఆ సందులోంచి రవ్వ లోపలికి వెళితే అక్కడ కర్రదూలాలూ, అటక మీద చోళ్ళ బస్తాలూ ఉంటాయి. రేకు పైన మంటను ఆపుతుంది, కింద మంటను దాచిపెడుతుంది. "మాకేటి, రేకులేసుకున్నాం" అని ధీమాగా ఉండండి.

పశువులశాలను ఇంటికి ఆనించి కట్టండి. శాలకు ఆనించి గడ్డికుప్ప వేయండి. గ్యాస్ బండ ఉంటే ఖాళీదీ నిండుదీ రెండూ కట్టెల మధ్య భద్రపరచండి.

మెట్లు వేయడం

మంట నేల మీద పాకుతున్నంతసేపు మోకాలెత్తు. పచ్చి మండలతో నలుగురు కలిసి కొడితే ఆరిపోతుంది. అంతటివారిని అలా నేల మీద నడిపించడం బాగుండదు. పైకెక్కడానికి మెట్లు కావాలి. తుప్ప మొదటి మెట్టు, తీగ రెండోది, కింది కొమ్మ మూడోది, చూరు మీదికి వాలిన కొమ్మ నాలుగోది. నాలుగూ ఒకదానికొకటి అందేలా ఉంటే ఆయన నేల నుంచి కప్పు మీదికి గుక్క తిప్పుకోకుండా చేరతారు.

దీనికి లాంటానా తుప్పలను మించినవి లేవు. దక్షిణ అమెరికా వైపు నుంచి పూలమొక్కగా వచ్చి దేశంలో చాలా అడవులను ఆక్రమించింది. మేక కూడా ఇష్టంగా ముట్టదు. ఎండాకాలంలో దాని కింద పొడికట్టెలు గుట్టగా చేరతాయి. ఇంటి వెనక అది పెరుగుతుంటే "కంచె కట్టే ఖర్చు తప్పింది" అని సంతోషించండి.

కాఫీతోట ఉన్నవాళ్ళకు ఇంకో సదుపాయం ఉంది. నీడకోసం నాటిన సిల్వర్‌ఓక్ ఆస్ట్రేలియా చెట్టు. అక్కడి చెట్లకు మంటతో పాత చుట్టరికం. దాని ఆకు దళసరిగా రాలుతుంది, తొందరగా కుళ్ళదు. మాను మీదికి మిరియాల తీగ పాకించాం, అది మంచి రాబడే. కానీ ఇంటికి ఆనుకుని ఉన్న వరసలోనూ అలాగే పాకించి, కింద ఆకును అలాగే వదిలి, కింది కొమ్మలను కొట్టకుండా ఉంచితే మెట్లు తయారు. ఆ మొదటి రెండు వరసల్లో ఆకు ఊడ్చి గోతిలో వేసి పేడ కలిపితే ఏడాదికల్లా ఎరువవుతుందనీ, కింది కొమ్మలు మనిషెత్తు దాకా కొడితే మంట పైకెక్కలేదనీ చెప్పేవాళ్ళుంటారు. వాళ్ళ తోట చూసిరండి, వింటే మీదీ అలాగే తయారవుతుంది.

ఇంతా విన్నాక కొందరికి రోషం వస్తుంది. "అయితే మొత్తం నరికేస్తాం" అంటారు. ఇదీ మంచి పద్ధతే, ఫలితం ఒక ఏడాది ఆలస్యంగా వస్తుంది, అంతే. ఇంటి వెనక కొండవాలు మీద మోడు కూడా మిగలకుండా నరకండి. నీడ పోతే నేల ఎండుతుంది. ఎండ తగిలిన చోట మొదట లేచేది గడ్డి. ఏపుగా పెరిగి సంక్రాంతికల్లా ఎండుతుంది. నీడన చెమ్మగా ఉన్న కాఫీతోటలో నిదానంగా నడిచే మంట, ఆ గడ్డిలో పరుగెత్తుతుంది. మధ్యలో వచ్చే వానాకాలంలో వాలు మీది మట్టి గెడ్డలోకి పోతుంది. పెద్ద చెట్లను ఉంచి, వాటి కింద తుప్పను పలచన చేసి, చెట్టుకూ చెట్టుకూ మధ్య ఎడం ఇవ్వడం అనే నడిమి మార్గం ఒకటుంది. దానికి ఏటా నాలుగు రోజుల పని, కాస్త ఓపిక కావాలి. నరికేయడానికి ఒక పూట చాలు.

వాలు విషయం మరిచిపోకండి. ఆస్ట్రేలియాలో మంటల మీద పనిచేసినవాళ్ళు ఒక లెక్క కట్టారు. వాలు పది డిగ్రీలు పెరిగినకొద్దీ ఎగువకు పోయే మంట వేగం దాదాపు రెట్టింపవుతుంది. చదునులో మనిషి నడకతో వచ్చేది, ఇరవై డిగ్రీల కొండ మీద నాలుగింతలు. కాబట్టి ఇల్లు వాలు మధ్యలో ఉన్నవాళ్ళు పైవైపు చక్కగా ఊడ్చుకుని, దిగువ వైపు తుప్పను దిష్టికి వదిలేయాలి.

పోడు మంట: పెద్దల మాట వినకండి

ఇక్కడ కాస్త ఆగాలి. కొండమంట అనగానే పట్నంలో కూర్చున్నవాళ్ళకి పోడు గుర్తొస్తుంది. పోడు వ్యవసాయం చేసే కొండదొరలు, పోర్జాలు, కోందులు అడవికి నిప్పు పెట్టేస్తున్నారన్నది వాళ్ళ స్థిరాభిప్రాయం. ఆ అభిప్రాయం మనకు చాలా పనికొస్తుంది. ఎందుకో చెబుతాను.

పోడు కాల్చడం తెలిసిన ముసలాయన ఎవరినైనా అడగండి. "ముందు చుట్టూ బాట చెక్కాలి బాబూ" అంటాడు. నరికిన తుప్ప ఎండాక, చేను అంచున నాలుగు మూరల మేర ఆకు ఊడ్చి మట్టి తేలుస్తారు. గాలి పడిపోయే వేళ చూస్తారు. నిప్పు పైన పెడతారు, కింద కాదు. పైన పెడితే మంట వాలు వెంట దిగుతూ నిదానంగా వస్తుంది. అంచుల్లో ఆడా మగా పచ్చి మండలు పట్టుకుని నిలబడతారు. ఆరేదాకా ఎవరూ కదలరు. మొద్దులు రాత్రంతా రగులుతాయి గనక మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళి బుగ్గి కెలికి చూస్తారు. ఇందులో ఒక్కొక్కటీ తిరగేస్తే మన సూచనలు తయారవుతాయి: బాట చెక్కకండి, మిట్టమధ్యాహ్నం గాలి లేచినప్పుడు వెళ్ళండి, కింద అంటించండి, ఒంటరిగా వెళ్ళండి, అంటించగానే వెనక్కి చూడకుండా వచ్చేయండి.

చివరి రెండూ జనం చేత చేయించడానికి పెద్ద కష్టపడక్కర్లేదు. చట్టమే చేయిస్తుంది. 1882 మద్రాసు అటవీ చట్టం నాటినుంచి కొండ మీద పోడుకు అడ్డంకులు మొదలయ్యాయి. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడులు చేసినప్పుడు దాని వెనక ఉన్న కోపంలో పోడు మీది ఆంక్షల వాటా పెద్దది. ఇప్పుడు ఆయన పేరునే ఒక జిల్లా ఉంది, 2022 ఏప్రిల్ నుంచి పెదబయలు అందులోనే ఉంది. రిజర్వు అడవిలో నిప్పు పెడితే నేరమని 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం చెబుతూనే ఉంది. తప్పని నేననను. కానీ దాని వల్ల జరిగిందేమిటంటే, నిప్పు దగ్గర నిలబడ్డవాడు నిందితుడు, పారిపోయినవాడు పౌరుడు. కేసు పడుతుందన్న భయంతో పదిమంది కలిసి, గాలి చూసి, దగ్గరుండి కాల్చే మంట తగ్గింది. ఒకడు చాటుగా గీసి పరుగెత్తే మంట మిగిలింది. కాపలా లేని మంటకన్నా మంటగారికి కావలసిందేముంది?

ఇలాంటిది మన దగ్గరే కాదు. కర్ణాటకలో బిళిగిరి రంగన కొండల్లో సోలిగలు ఎండాకాలం ముదరకముందే, జనవరి ప్రాంతంలో, నేల మీది ఎండుటాకును తేలిగ్గా కాల్చేవారు. దానికి వాళ్ళు తరగు బెంకి అని పేరు పెట్టుకున్నారు. 1970ల్లో ఆ కొండలు అభయారణ్యమయ్యాక అది ఆగిపోయింది. తరువాత లాంటానా అడవినంతా కమ్మింది. చిన్న మంటలు పోయి పెద్ద మంటలు వచ్చాయి. ఆ కొండల మీద అధ్యయనం చేసినవాళ్ళు, చిన్న మంట ఆగడం వల్లే లాంటానా కమ్మిందన్న మాట ముందు చెప్పింది సోలిగలేనని ఒప్పుకున్నారు. మనం మాత్రం అడవి దగ్గర పుట్టి పెరిగినవాడికి అడవి తెలియదన్న సిద్ధాంతం మీదే నిలబడాలి.

2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు తన సామూహిక అడవిని కాపాడుకునే హక్కు, అధికారం ఇచ్చింది. అంతకు ముందే 1990ల్లో వన సంరక్షణ సమితులు వచ్చాయి. ఈ రెండింటి కింద ఊరు కూర్చుని, ఊరికీ అడవికీ మధ్య ఎక్కడ బాట చెక్కాలి, ఏ వాలు ఎప్పుడు ఊడ్చాలి, ఎవరి వంతు ఎప్పుడు అన్నది రాసుకోవచ్చు. గ్రామసభలో ఈ విషయం ఎవరైనా ఎత్తితే వెంటనే "ముందు రోడ్డు సంగతి తేల్చండి" అనండి. రోడ్డు సంగతి తేలదు. ఇదీ తేలదు.

ఇప్పపువ్వు సంగతి వేరు. చెట్టు కింద పువ్వు కనబడాలని ఆకు కాలుస్తారు. అది నేల మీద నిదానంగా మొదలై, ఏరే మనిషి బుట్ట నిండాక ఇంటికి వెళ్ళిపోతే, ఆకుల్లో దాగి మధ్యాహ్నం గాలికి లేస్తుంది. ఇప్ప చెట్టు కింద ఇప్ప మొలక ఏటా ఇలాగే మాడిపోతోంది. ఆకు ఊడ్చి పక్కన పోయడమో, ఛత్తీస్‌గఢ్ వైపు కొందరు చేస్తున్నట్టు కింద వల పరవడమో చేయొచ్చు. ఊడిస్తే నడుం నొప్పి. వలకు డబ్బు. అగ్గిపెట్టె చవక. దీనికి నా దగ్గర చమత్కారమేమీ లేదు. ఏరేది ముసలమ్మ, ఆమె నడుముకు ఎవరూ కూలి కట్టరు.

చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది. మగవాళ్ళు వేటకు కొండెక్కుతారు. ఖాళీ చేతులతో దిగినవాణ్ణి ఆడవాళ్ళు ఆటపట్టిస్తారు, పేడనీళ్ళు పోస్తారు. జంతువును పొదలోంచి లేపాలంటే నిప్పుకన్నా దగ్గరి దారి లేదు. పేడనీళ్ళు తప్పించుకోవడానికి కొండ కాల్చినవాణ్ణి ఏం చేయాలో మాత్రం ఆచారం చెప్పలేదు.

మైదానం నుంచి వచ్చే సాయం

మంటగారికి మన్యం ఒక్కటే ఎంతకని సేవ చేస్తుంది? విశాఖ నుంచి, హైదరాబాద్ నుంచి కూడా భక్తులొస్తున్నారు. పాడేరు దగ్గర వంజంగి కొండ మీద మేఘాలు చూడటానికి చలికాలమంతా జనం. రాత్రి గుడారం, ముందు చలిమంట, తెల్లారి ఫొటో. చలిమంట మీద నీళ్ళు పోసి, మట్టి కప్పి, చెయ్యి పెట్టి చూసి దిగడం ఫొటోలో పడదు. 2018 మార్చి 11న తమిళనాడులో తేని దగ్గర కురంగణి కొండల్లో మంట చుట్టుముట్టి ఇరవై మందికి పైగా పర్యాటకులు చనిపోయారు. ఆ సంగతి చెప్పి సరదా పాడుచేయకండి.

ఫైరింజను వస్తుంది

మంట ఇంటికి వచ్చాక ఏం చేయాలన్నది ముందు ఆలోచించకండి. ఫైరింజను వస్తుంది. పాడేరు నుంచి కొండదారి మలుపులు తిరిగి పెదబయలు సంత దాకా వస్తుంది. అక్కడి నుంచి గిన్నెలకోట వైపో జామిగూడ వైపో లోపలి గూడేలకు ఎలా వస్తుందన్నది దాని సమస్య. నొప్పులు పడే ఆడమనిషిని డోలీలో కిందికి మోసుకొస్తున్న దారి అది. ఫైరింజనును డోలీలో పైకి మోయగలిగితే ఇబ్బందే లేదు.

2014 మార్చిలో శేషాచలం అడవులు అంటుకుని మంట తిరుమల కొండ మీదికి వస్తుంటే వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చాయి. మన కొండకూ వస్తాయని ఎదురుచూడండి. మన కొండ మీద దేవుడు లేడని కాదు, ఉన్నాడు. ఆయన హుండీ చిన్నది.

ఆకాశం నుంచి సమాచారం మాత్రం తప్పక వస్తుంది. డెహ్రాడూన్‌లో భారత అటవీ సర్వే సంస్థ 2004 నుంచి ఉపగ్రహాల సాయంతో మంటల మీద నిఘా పెడుతోంది. ఇప్పుడు వాడుతున్న పరికరానికి ఒక చుక్క అంటే 375 మీటర్ల పొడవూ వెడల్పూ. సుమారు ముప్పై ఐదు ఎకరాలు. మన గూడేలు చాలావరకు ఇళ్ళతో పెరళ్ళతో సహా ఒక్క చుక్కలో సర్దుకుంటాయి. ఆ ఉపగ్రహాలు మన మీదుగా ఎండవేళ ఒంటిగంటన్నర ప్రాంతంలో ఒకసారి, అర్ధరాత్రి దాటాక మళ్ళీ ఆ వేళకే ఒకసారి పోతాయి. మూడింటికి పుట్టిన మంట చూరు ఎక్కి, దిగి, వెళ్ళిపోయాక ఉపగ్రహం వస్తుంది, చూస్తుంది, బీటు ఆఫీసరు ఫోనుకు కబురు పంపుతుంది. సిగ్నలున్న కొండ ఎక్కినప్పుడు ఆయనకు అందుతుంది. పాపం ఆయనకు ఒక్కరికే ఎన్ని కొండలు! నిఘా పనికిమాలినదని చెప్పడం లేదు. ఏ లోయ ఏటా ఎన్నిసార్లు కాలుతోందో దానివల్లే తెలిసింది. అది అడవిని చూడటానికి పెట్టిన కన్ను. మీ చూరును చూడాల్సిన కన్ను మీ మొహాన ఉంది.

నీళ్ళ విషయం. చాలా గూడేలకు కొండ మీది ఊట నుంచి గ్రావిటీ పథకం పైపు వస్తుంది. దాన్ని మట్టిలో పూడ్చకుండా ఎండుటాకుల మీద వదిలేయండి. మంట వచ్చిన రోజున మొదట కరిగేది అదే. తొట్టె ముందురోజే ఖాళీ చేసి ఉంచుకుంటే ఇంకా మంచిది.

ఇరుగు పొరుగు

మన ఊళ్ళల్లో ఇళ్ళు వరసగా, చూరుకు చూరు తగిలేలా ఉంటాయి. ధింసా ఆడేటప్పుడు ఆ వీధి ఎంత ముచ్చటగా ఉంటుందో! ఒక కప్పు అంటుకుంటే వరసంతా పోతుంది గనక ఇక్కడ ఎవరి పెరడు వాళ్ళు ఊడ్చుకుంటే చాలదు. అందుకే ఊడవడం మీ ఒక్కరి పనే అయినట్టు చేయండి. ఊడ్చిన ఆకు పక్కింటి కంచె వైపు తోయండి.

"ఏటి బావా, ఆకంతా మావైపే తోసేస్తన్నావు?"

"నాను తొయ్యలేదు బావా, గాలి తోసింది."

"గాలి చేతిలో చీపురుందేటి?"

ఇంతవరకూ వస్తే మీరు సరైన దారిలో ఉన్నట్టే. ఇంకో రెండు రోజులు ఇద్దరూ మాట్లాడుకోరు. మూడో రోజున మంట వస్తే ఎవరి బిందె వాళ్ళు తెచ్చుకుంటారు.

ఊరి చుట్టూ ఫైరులైను చెక్కే పనికి మీ ఇంటి నుంచి మనిషిని పంపకండి. పశువులను ఊరి అంచున గడ్డి మేయనివ్వకుండా దూరం తోలండి. అవి మేసిన చోట మంటకు తిండి ఉండదు. చీపురు కోతకు ఊరి వెనక వాలు వదిలేసి అవతలి కొండకు వెళ్ళండి, అక్కడైతే చీపురు పొడవు ఎక్కువ.

కాగితాలు

మంటగారు వెళ్ళిపోయాక రెవెన్యూవారు వస్తారు. కాలిన సరుకు లెక్క రాసుకుంటారు. చోళ్ళు ఇన్ని బస్తాలు, చీపుర్లు ఇన్ని కట్టలు, కోళ్ళు, పట్టా కాగితం, ఆధార్ కార్డు. పట్టా కాలిపోయిందని చెప్పినప్పుడు ఆ పట్టా ఉందని రుజువు అడుగుతారు, కంగారుపడకండి. తరువాత ప్రమాదానికి కారణం అన్న చోట ఒక మాట రాయాలి. చూరు కింద కట్టెలు, అరుగు మీద చీపుర్లు, రేకు సందులో ఆకు అని చెబితే రాసుకునేవారికి ఆ గడి చాలదు. షార్ట్ సర్క్యూట్ అని చెప్పండి, రాష్ట్రమంతటా నడుస్తున్న కారణమే. మీ గూడేనికి ఇంకా కరెంటు స్తంభం రాలేదని ఎవరైనా అడ్డొస్తే, గుర్తుతెలియని వ్యక్తులు అనండి. వాళ్ళు ఇంతవరకు ఏ పంచనామాకూ అభ్యంతరం చెప్పలేదు.